మీదే దేశమండీ?

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరంగి వస్తుంది. ఇప్పుడు జనం అక్కడికి వెళ్ళేది మడ అడవులు చూడ్డానికి, చెక్కవంతెన మీద నడుస్తూ ఫొటోలు దిగడానికి. రెండు వందల ఏళ్ళ కిందట అది ఓడలు కట్టే రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుపాను ఊరిని ఊడ్చేసింది. మిగిలిన పని గోదావరి ఒండ్రు పూర్తి చేసింది. ఓడలు కాకినాడకి మళ్ళాయి, రేవు పోయింది. పేరు మాత్రం సముద్రం దాటి బర్మాలో స్థిరపడింది. రంగూన్‌లో దిగిన తెలుగువాడు ఏ జిల్లావాడైనా అక్కడివాళ్ళకి "కొరంగీ"యే.

ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ని రంగం అనేవారు. "మావోడు రంగం ఎళ్ళాడు" అంటే మరో వివరం అక్కర్లేదు. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ ముందుగా అడ్వాన్సు చేతిలో పెట్టి, టిక్కెట్టు తానే కొని, విశాఖపట్నంలోనో కాకినాడలోనో స్టీమరు డెక్కు మీదికి ఎక్కించేవాడు. దిగాక బియ్యం మిల్లు, రిక్షా, పాకీపని, లేదా రేవులో బస్తాల మోత. ఆ అప్పు తీరేదాకా కూలి డబ్బులో మేస్త్రీ వాటా మేస్త్రీదే. వీళ్ళలో కోరంగిని కంటితో చూసినవాళ్ళు కొద్దిమందే. చాలామందిది గంజాం, విశాఖపట్నం జిల్లాల మెట్టభూముల పల్లెలు. "ఏ దేశం నీది?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఊరిపేరుంది, జిల్లా పేరుంది, కులం పేరుంది, మేస్త్రీ పేరుంది. దేశం పేరుతో పని లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కాబట్టి, కాగితం మీద అది పరదేశం కూడా కాదు.

కాగితానికీ వీధికీ పొంతన లేదని 1930 మే నెలలో తేలింది. రంగూన్ రేవులో సరుకు ఎక్కించి దించే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకి దిగారు. కంట్రాక్టర్లు వాళ్ళ బదులు బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె రాజీ అయ్యాక తెలుగువాళ్ళని వెనక్కి పిలిచి, కొత్తగా పెట్టుకున్న బర్మీయుల్ని పొమ్మన్నారు. ఉదయం పనికని వచ్చి వెళ్ళగొట్టబడినవాడు ఎదుట బస్తా మోస్తున్నవాడిని చూశాడు. రెండు మూడు రోజుల్లో రంగూన్ వీధుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలు. కూలిరేటు తగ్గించుకోవడానికి ఒకరిమీద ఒకరిని ఎగదోసిన కంట్రాక్టరు ఒంటిమీద గీత కూడా పడలేదు. ఆ తరవాత "కొరంగీ" అన్న మాట వినపడితే తలతిప్పి చూసేవాళ్ళు తగ్గి, తలుపు వేసుకునేవాళ్ళు పెరిగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. ఇంతమంది ఉన్నచోట ఎక్కణ్ణుంచి వచ్చావన్న ప్రశ్న వినయంగా మొదలై వినయంగా ముగియడం కష్టం.

బర్మీయుల నోట భారతీయులందరికీ కలిపి వాడే మాట ఇంకొకటుంది: "కలా". పాతకాలంలో పడమటి నుంచి వచ్చిన ప్రతివాడినీ అలా అనేవారు. ఇరవయ్యో శతాబ్దంలో అది తిట్టుగా గట్టిపడింది. 2017లో ఫేస్‌బుక్ ఆ మాట ఉన్న పోస్టుల్ని తొలగించడం మొదలుపెడితే, అదే అక్షరాలు కలిసే మామూలు బర్మీస్ మాటలు కూడా ఎగిరిపోయి నవ్వులపాలైంది.

జపాను బాంబుల భయానికి 1942లో లక్షలమంది కాలినడకన అస్సాం కొండలు దాటారు. దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. నిలబడ్డవాళ్ళలో చాలామందిని 1960లలో నే విన్ సైనిక ప్రభుత్వం కొట్లూ వ్యాపారాలూ జాతీయం చేసి వెళ్ళగొట్టింది. తిరిగొచ్చినవాళ్ళకి విశాఖపట్నం కంచరపాలెం దగ్గర చోటిచ్చారు. దాని పేరు బర్మా క్యాంపు. అక్కడ కొరంగీలు, ఇక్కడ బర్మావాళ్ళు! తెలుగు మాట్లాడుతూ తెలుగుదేశంలో దిగిన ఆ కుటుంబాలకి రెండు ఒడ్డుల్లోనూ ఎదుటి ఒడ్డు పేరే దక్కింది.

ఇలా రేవు పేరో రాజ్యం పేరో తగిలించడం బర్మావాళ్ళ ప్రత్యేకత కాదు. పరాయివాడిని పిలవాలంటే అతను ఎక్కి వచ్చిన ఓడ ఎక్కడిదో చూడటం లోకమంతా ఉన్న పద్ధతి. సొంత నేల మీద ఉన్నవాడికీ పరాయివాళ్ళ పేరు తప్పలేదు: మద్రాసులో తెల్లదొరలు తెలుగువాళ్ళని "జెంటూ"లన్నారు. క్రైస్తవులు కానివాళ్ళని పోర్చుగీసువాళ్ళు పిలిచిన మాటకి అది అరిగిపోయిన రూపం. 1776లో హాల్‌హెడ్ అచ్చువేయించిన "జెంటూ" ధర్మశాస్త్రంలో ఆ మాటకి అర్థం హిందువు. 1816లో క్యాంప్‌బెల్ వేసిన వ్యాకరణం పేరులోనే, తెలుగుని మామూలుగా జెంటూ అంటారని ఉంది. బెంగాల్లో ఒక అర్థం, మద్రాసులో మరో అర్థం. మధ్యలో ఎవరినీ ఎవరూ అడిగింది లేదు.

ఉత్తరాది సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. కంపెనీవాళ్ళు మద్రాసు వైపు నుంచి సిపాయిల్ని వెంటబెట్టుకుని బెంగాల్‌కి వెళ్ళారు. అక్కడివాళ్ళు ఆ ఎర్రకోటు సిపాయిల్ని "తిలంగా"లన్నారు. తరవాత పటాలాలు అవధ్, బీహార్ కుర్రవాళ్ళతో నిండిపోయాయి. అయినా పేరు మారలేదు. 1857లో ఢిల్లీని పట్టుకున్న సిపాయిల్ని కూడా ఢిల్లీ జనం తిలంగాలనే అన్నారు. వాళ్ళలో గోదావరి నీళ్ళు తాగినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో! నగరంలో దోపిడీ జరిగిన ప్రతిసారీ తిట్లు మాత్రం తెలంగాణ్యం ఖాతాలో పడ్డాయి.

బర్మాలోనే మరో పాత జాతి మోన్. వాళ్ళని బర్మీయులు, బర్మీయుల్ని చూసి ఇంగ్లీషువాళ్ళు "తలైంగ్" అనేవారు. ఆ పేరు త్రిలింగ దేశం నుంచి వచ్చిందని ఆర్థర్ ఫేర్ లాంటి పాత చరిత్రకారులు వాదించారు. అందరూ ఒప్పుకోలేదు. మోన్‌లకి ఆ వ్యుత్పత్తి గొడవతో పని లేదు. కాలికింద తొక్కబడినవాళ్ళు అన్న అర్థం అందులో ఉందని వాళ్ళ నమ్మకం. ఆ పేరుతో పిలిస్తే ఈనాటికీ నొచ్చుకుంటారు. మన పేరు మనకి గౌరవం. అదే పేరు మరొకడి నెత్తిన పడితే అవమానం కావచ్చు.

వీటన్నిటికంటే పొడుగైన కథ "కెలింగ్"ది. కళింగం నుంచి వచ్చిన మాట. మలయ రాజవంశ కథల్లో కెలింగ్ దేశమంటే ఏనుగుల సైన్యాలున్న పెద్ద రాజ్యం. పోర్చుగీసువాళ్ళు 1511లో మలక్కాని పట్టుకునే నాటికి అక్కడ కెలింగ్ వర్తకులు ఓడలకి ఓడలు బట్టలు దింపుతున్న ఆసాములు. మలక్కాలో పద్దెనిమిదో శతాబ్దపు మసీదుకీ, పెనాంగ్‌లో పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టిన కపితాన్ కెలింగ్ మసీదుకీ ఆ పేరు ఈనాటికీ ఉంది. కపితాన్ అంటే ఆ సమాజానికి పెద్ద. బోర్డు మీద పేరు చదివి ఎవరూ తలదించుకోలేదు.

తరవాత దిగినవాళ్ళు వేరు. చెరకుతోటలు, ఆపైన రబ్బరుతోటలు. మద్రాసు, నాగపట్నం ఓడల నిండా కూలీలు. దిగువ పేరాక్‌లోని బగాన్ దతో వైపు కొబ్బరితోటల్లో తెలుగు కుటుంబాలు గుంపుగా స్థిరపడ్డాయి. బట్టల వర్తకుడిని చూసి కెలింగ్ అన్న నోరే, రబ్బరుపాల డబ్బా మోసేవాడిని చూసి కూడా కెలింగ్ అంది. కూలివాడికి ఎంత విలువుందో మాటకీ అంతే విలువ మిగిలింది. తప్పు మాటది కాదు. మోసేవాడి బతుకు దిగజారింది. సింగపూర్‌లో భారతీయులు ఈ పేరు మాకొద్దని మొరపెట్టుకోవడంతో 1920ల మొదట్లో క్లింగ్ స్ట్రీట్‌ని చూలియా స్ట్రీట్‌గా మార్చారు. ఇండోనేషియాలోని మెడాన్ నగరంలో కంపుంగ్ కెలింగ్ అన్న పేట కంపుంగ్ మద్రాస్ అయింది. మలేషియాలో నిఘంటువులో ఆ మాటకిచ్చిన అర్థం మీద కోర్టుదాకా వెళ్ళారు. ఈ గొడవంతా జరిగినా పెనాంగ్ మసీదు పేరు మాత్రం మారలేదు. అక్కడి ముస్లిములకది తాతల పేరు.

ఇంతదాకా ఎదుటివాళ్ళు పెట్టిన పేర్లు. మనవాళ్ళు తమంతట తాము చెప్పుకున్న పేర్లు చూడాలంటే దక్షిణాఫ్రికా వెళ్ళాలి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా ఇలా వచ్చినవాళ్ళు 1,52,000 పైచిలుకు. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. ఓడ చిట్టాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పక్కన తండ్రిపేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు, ఎత్తు. దిగిన గంట నుంచీ పేరు మాత్రం ఒక్కటే: కూలీ.

1893లో గాంధీ డర్బన్‌లో దిగేసరికి ఈ మాట నుంచి తప్పించుకోవడానికి ఎవరి దారి వారు వెతుక్కుని ఉన్నారు. ఆయన ఆత్మకథలో ఆ వరస చదివితే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. గుజరాతీ ముస్లిం వర్తకులు తాము అరబ్బులమని చెప్పుకున్నారు. పార్శీ గుమాస్తాలు పర్షియన్లమన్నారు. హిందూ గుమాస్తాలకి ఏ ఒడ్డూ లేక, అరబ్బుల్లో కలవకపోతే గతి లేదు. గిర్మిటియాలుగా, అంటే ఒప్పందకూలీలుగా, వచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు, ఉత్తరాదివాళ్ళకి ఏ వేషం వేసే వీలూ లేదు. వాళ్ళు కూలీలు, లేదా "సామీ"లు. రామస్వామి, మునుస్వామి లాంటి పేర్ల తోక పట్టుకుని తెల్లవాళ్ళు పెట్టిన పిలుపు అది. సామీ అంటే యజమాని అని తెలిసి రోషమున్నవాడెవడైనా, "నేను మీ యజమానిని కాదే!" అని అంటించేవాడట. విన్న దొర మొహం మాడ్చుకునేవాడు.

తలపాగా గొడవ కూడా ఇందులో భాగమే. డర్బన్ కోర్టులో మేజిస్ట్రేటు తలపాగా తీయమంటే గాంధీ తీయక బయటికి నడిచాడు. అరబ్బు దుస్తుల్లో ఉన్నవాడికి తలపాగా ఉంచుకునే వెసులుబాటుంది. మిగతా భారతీయుడు తీయాలి. పోనీ ఇంగ్లీషు టోపీ పెట్టుకుంటేనో అని గాంధీ ఆలోచించాడు. హోటళ్ళలో వడ్డించే క్రైస్తవ భారతీయులది ఆ వేషం, నిన్ను వెయిటరనుకుంటారు అని గాంధీ కక్షిదారు అబ్దుల్లా సేఠ్ వారించాడు. ఒక్క తలకి మూడు దేశాలు, ఏది పెట్టుకున్నా ఎవడో ఒకడిని తక్కువ చేసినట్టే.

అరబ్బులమని చెప్పుకున్న వర్తకులకి లాభం దక్కిందా అంటే, ట్రాన్స్‌వాల్ 1885 నాటి మూడో చట్టం చూడాలి. స్థిరాస్తి కొనకూడదు, పేట బయట ఉండకూడదు అని ఆంక్షలు పెట్టిన ఆ చట్టం కూలీలు, అరబ్బులు, మలయులు, తుర్కీ సామ్రాజ్య ముస్లిములు అని వరసగా పేర్లు చదివి అందరినీ ఒకే తాటికి కట్టేసింది. పక్కవాడిని కూలీ అననిచ్చి తాను అరబ్బుగా తప్పుకున్నవాడు కూడా ఆ పేటలోనే తేలాడు. గాంధీ ఇరవయ్యేళ్ళ పోరాటంలో జనాన్ని జైలుకి నడిపించడం ఒక ఎత్తు. ఈ అరబ్బుల్నీ పర్షియన్లనీ సామీలనీ కూర్చోబెట్టి మనమంతా భారతీయులం అనిపించడం అంతకంటే పెద్ద ఎత్తు.

అనిపించాక మళ్ళీ లోపల పేచీ మొదలైంది. డర్బన్ ఉన్న నాటాల్‌లో మద్రాసు నుంచి వచ్చినవాళ్ళంతా మద్రాసీలే, మద్రాసీలంటే తమిళులే అని లెక్క. గుడి, బడి, పండగ అన్నీ ఆ లెక్కలోనే. తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఇది కొరుకుడుపడలేదు. 1929 నుంచి 1932 దాకా భారత ప్రభుత్వ ఏజెంటుగా అక్కడున్నది ఒక తెలుగువాడు, కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఆ రోజుల్లోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. ఫిజీలోనూ అదే వరస. 1926లో దక్షిణాదివాళ్ళంతా కలిసి పెట్టుకున్న సన్మార్గ ఐక్య సంగం ఉండగా, 1941లో తెలుగువాళ్ళు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం అని వేరుపడ్డారు. మారిషస్ మరీ ముందుకెళ్ళింది. అక్కడ జనాభా లెక్కల్లో మతం అడిగితే హిందువు అనకుండా తెలుగు అని రాసేవాళ్ళున్నారు, ఆ జవాబుకి లెక్కల్లో వేరే గడి ఉంది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ తెలుగుని మతంగా రాసే ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు.

పాస్‌పోర్టు వచ్చాక ఈ తంటా తీరిందనుకుంటాం. మొదటి ప్రపంచయుద్ధకాలంలో మొదలై, 1920 చట్టంతో స్థిరపడిన బ్రిటిష్ ఇండియా పాస్‌పోర్టు తెరిస్తే జాతీయత అన్నచోట ఇండియా అని ఉండదు. రాజమండ్రివాడి పుస్తకంలో "పుట్టుకతో బ్రిటిష్ ప్రజ" అని ఉండేది. వరంగల్లువాడు నిజాం ప్రజ కాబట్టి అతని పుస్తకంలో "బ్రిటిష్ రక్షణలో ఉన్న వ్యక్తి" అని రాసి, ఏ సంస్థానమో చేర్చేవారు. ఇద్దరూ తెలుగులో మాట్లాడుకుంటూ ఒకే ఓడెక్కినా, రేవులో అధికారికి వాళ్ళు రెండు జాతులు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఇంగ్లండు రాజుగారి ముద్రే. బ్రిటిష్ ప్రజ అన్న ఆ పేరు అంతకుముందు డర్బన్ కోర్టులోనూ వాంకూవర్ రేవులోనూ అక్కరకి రాలేదు. 1914లో కొమగట మారు ఓడలో వచ్చిన పంజాబీలు మేమూ బ్రిటిష్ ప్రజలమే అన్నారు. కెనడా వాళ్ళలో చాలామందిని నేలమీద కాలు పెట్టనివ్వకుండా రెండు నెలలు ఆపి తిప్పి పంపింది.

అమెరికాలో లెక్క మరొకటి. అక్కడ "ఇండియన్" అన్న మాట కొలంబస్ పొరపాటు పుణ్యమా అని ఆ నేల సొంతదారులకి అంటుకుని ఉంది. కాబట్టి మనవాళ్ళు "హిందూ"లయ్యారు. పశ్చిమతీరంలో రంపపుమిల్లుల్లో పనిచేసే గడ్డం సిక్కు హిందూ, పొలంలో ముస్లిం రైతు కూడా హిందూ. 1920, 1930, 1940 జనాభా లెక్కల్లో అది మతం గడిలో కాక జాతి గడిలో కనిపిస్తుంది. కనిగిరి ప్రాంతం నుంచి చదువుకోసం 1912లో బయల్దేరిన దర్శి చెంచయ్య కాలిఫోర్నియాలో ఈ హిందూల మధ్యే గదర్ విప్లవ పార్టీలో చేరాడు. చాలా ఏళ్ళ తరవాత రాసుకున్న ఆత్మకథకి "నేను, నా దేశం" అని పేరు పెట్టాడు.

1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. పౌరసత్వం తెల్లవాళ్ళకీ ఆఫ్రికా సంతతివాళ్ళకీ మాత్రమే ఇచ్చే రోజులు. అమెరికా సైన్యంలో పనిచేసిన థిండ్, తాను ఆర్యజాతివాడినని, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని వాదించాడు. మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు అని కోర్టు కొట్టేసింది. నాటాల్ వర్తకుల అరబ్బు వేషానికీ ఈ ఆర్య వాదానికీ పెద్ద తేడా లేదు: నిచ్చెన తప్పు అనకుండా, పై మెట్టు నాదే అనడం. తీర్పు వచ్చాక, అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయులు కొందరు దాన్ని పోగొట్టుకున్నారు.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఆ రోజుల్లోనే బోస్టన్‌లో దిగాడు. హార్వర్డ్‌లో పరిశోధన, ఆ తరవాత లెడర్లీ ప్రయోగశాలల్లో పాతికేళ్ళకి సరిపడే పని. ఫోలిక్ ఆమ్లం, కాన్సరు మందులు, ఆరియోమైసిన్ ఆయన బృందం చేతుల మీదుగా వచ్చాయి. ఇరవై ఏళ్ళకి పైగా ఆ దేశంలో ఆయనకి పౌరసత్వం ఇవ్వగల చట్టమే లేదు. 1946లో చట్టం మారింది. ఏడాదికి వందమంది భారతీయుల్ని రానిస్తామన్నారు. సుబ్బారావు 1948లో పోయేనాటికి అమెరికా పౌరుడు కాడు.

1965 వలస చట్టం తరవాత డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళారు. 1970 లెక్కల్లో వాళ్ళని తెల్లవాళ్ళలో కలిపేశారు. యాభై ఏళ్ళ కిందట థిండ్ అడిగి లేదనిపించుకున్నది అడక్కుండానే వచ్చిందన్నమాట! అది వద్దని సంఘాలవాళ్ళు తిరిగి తిరిగి, 1980 ఫారంలో "ఏషియన్ ఇండియన్" అన్న గడి పెట్టించారు. అందులో "ఏషియన్" అన్న ముక్క ఎదుటివాడి కోసం. అక్కడి ఆదివాసుల పేరుతో తమ పేరు కలిసిపోకుండా అదో కంచె. మొదటి తరంవాళ్ళు కొందరు "ఈస్ట్ ఇండియన్" అని చెప్పుకున్నదీ అందుకే. తెలుగువాళ్ళు 1977లో న్యూయార్క్‌లో మొదటి మహాసభ జరుపుకుని తానా అనే సంఘం పెట్టుకునేటప్పుడు దేశాన్ని వదిలి భాషని ముందు పెట్టారు. తెలుగువాడు ఎవరో తేల్చడానికి అప్పటికి గొడవ లేదు. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయాక మీదే రాష్ట్రం అన్న ప్రశ్న అక్కడా మొదలైంది.

ఏషియన్ అన్న మాటకి తూర్పు ఆఫ్రికాలో మరో పుట్టుక ఉంది. కెన్యా, ఉగాండాల్లో దుకాణదారుల్ని ఇండియన్లనేవారు. 1947లో దేశం రెండుగా చీలింది. దుకాణంలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళలో ఒకడి ఊరు పాకిస్తాన్‌లో పడింది. అందరినీ కలిపి ఇండియన్లంటే అతనికి కోపం. దాంతో సర్కారు కాగితాల్లో అందరూ ఏషియన్లైపోయారు. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి తరిమింది ఈ ఏషియన్లనే. వాళ్ళలో చాలామంది వెళ్ళి పడ్డ ఇంగ్లండులో ఈనాటికీ ఏషియన్ అంటే మన ఉపఖండంవాడు. అదే మాట లాస్ ఏంజెలెస్‌లో అంటే వినేవాడి మనసులో చైనావాళ్ళో కొరియావాళ్ళో మెదులుతారు. లండన్‌లో చదివి అమెరికా వెళ్ళిన కుర్రవాడు తానెవరో కొత్తగా నేర్చుకోవాల్సిందే.

గల్ఫ్‌లో ఈ లెక్కలేవీ చెల్లవు. అరబ్బు ఫోర్‌మన్ నోట భారతీయుడంటే "హిందీ". జగిత్యాల ముస్లిమూ హిందీయే, కోనసీమ క్రైస్తవుడూ హిందీయే. కాలిఫోర్నియా సిక్కు హిందూ అయినట్టే ఇదీ, మతంతో సంబంధం లేని మాట. లేబర్ క్యాంపు గదిలో మంచాల మధ్య మాత్రం జాగ్రత్త వేరేగా ఉంటుంది. పై బెర్తు పెషావర్‌వాడిది, కింది బెర్తు సిల్హెట్‌వాడిది, మధ్యలో నిజామాబాద్‌వాడు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి ఎవరిది ఏ దేశమో గట్టిగా చెప్పుకోవడం తగ్గించి, భాయ్ అన్న పిలుపుతో సరిపెట్టుకుంటారు. "హైదరాబాద్" అంటే సింధులోదా దక్కన్‌లోదా అని అడగవలసి వచ్చేది కూడా అక్కడే.

ఒక్కోచోట ఏం చెప్పినా చాలదు. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ దాడులు జరిగిన నాలుగు రోజులకి అరిజోనాలో పెట్రోలు బంకు నడిపే సిక్కుని తలపాగా చూసి అరబ్బనుకుని కాల్చి చంపారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతేలో ఆఫీసు ముగించుకుని బారులో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లని ఒక తాగుబోతు మీదే దేశం, ఏ వీసా అని నిలదీశాడు. బయటికి గెంటితే తుపాకీతో తిరిగొచ్చాడు. వాళ్ళు ఇరాన్‌వాళ్ళనుకున్నాడు. ఒకరు చనిపోయారు. ఆ వారంలో అమెరికా తెలుగు ఇళ్ళలో, బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండి అని పిల్లలకి చెప్పినవాళ్ళున్నారు. ఇరాక్ యుద్ధకాలంలో అమెరికన్ కుర్రవాళ్ళు కొందరు కెనడా జెండా సంచికి కుట్టుకుని యూరప్ తిరిగారంటే నవ్వుకున్నాం. జెండా కుట్టుకుని తప్పించుకునే వీలు చర్మానికి ఉండదు.

చివరికి మళ్ళీ ఫిజీ. 1879 నుంచి 1916 దాకా ఒప్పందకూలీలుగా వెళ్ళినవాళ్ళు అరవై వేలు. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా అందులో చేరాయి. వాళ్ళ మనవలు, మునిమనవలు అక్కడే పుట్టి, అక్కడే చెరకు నరికి, అక్కడే మంత్రులైనా, తాము "ఫిజియన్లం" అనడానికి 2010 దాకా వీల్లేదు. ఆ పేరు ఆదివాసులది. వీళ్ళది ఇండియన్ లేదా ఇండో-ఫిజియన్. దీన్ని ఒట్టి వివక్ష అని తోసేయడం తేలిక కాదు. ఒక దశలో వలస వచ్చినవాళ్ళ సంఖ్య తమని మించిపోయినప్పుడు, నేల మీద పట్టు జారిపోతున్న జాతి పేరు మీదైనా పట్టు వదలదు. 1987లోనూ 2000లోనూ జరిగిన సైనిక, సాయుధ తిరుగుబాట్ల వెనక ఈ భయం పనిచేసింది. మరో తిరుగుబాటుతో గద్దెనెక్కిన బైనిమరామా ప్రభుత్వమే 2010లో ఆదివాసులకి ఇతౌకే అన్న పేరుని చట్టంలో ఖాయం చేసి, ఫిజియన్ అన్న మాటని పౌరులందరికీ విప్పింది. 2013 రాజ్యాంగం కూడా అదే అంది. మా పేరు అడగకుండా పంచిపెట్టారని ఇతౌకే పెద్దలు కొందరు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు.

ఆ తిరుగుబాట్ల తరవాత వేలకొద్దీ ఇండో-ఫిజియన్ కుటుంబాలు ఆక్లాండ్, సిడ్నీలకి తరలిపోయాయి. వాళ్ళలో ఆంధ్ర సంగం బడుల్లో చదివినవాళ్ళూ ఉన్నారు. అక్కడ హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు పలకరించి, మీరు ఇండియాలో ఎక్కడివారండీ అని అడిగితే, ఏ జిల్లానో తెలియని నాలుగోతరం మనిషి ఫిజీ అంటాడు. న్యూజిలాండ్ గణాంక శాఖ ఫారంలో ఫిజియన్ అన్న గడి పసిఫిక్ జాతుల పద్దులో ఉంది. ఫిజియన్ ఇండియన్ అని రాస్తే ఆసియా పద్దులో వేస్తారు. పసిఫిక్ విద్యార్థులకిచ్చే ఉపకారవేతనాలు ఏ పద్దువాళ్ళకి వర్తిస్తాయన్న తగువు అక్కడ ఇంకా నడుస్తోంది.